పెరటికి ఫైలు లేదు

అరకు వెళ్లినవాళ్లలో పద్మాపురం తోట చూడకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. గులాబీలు, పిల్లల రైలు, చెట్ల మీద కట్టిన గుడిసెలు, వాటి ముందు నిలబడి ఫొటోలు. టికెట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు గాని, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ పెంచింది కూరగాయలు. సైనికుల వంటశాలలకి పంపడానికి వేసిన మడులవి. యుద్ధం ముగిసింది, మడులు పూలతోట అయ్యాయి, ఇప్పుడు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ చూసుకుంటోంది. ఈ చలికొండ మీద కూరగాయలు దివ్యంగా పండుతాయని సర్కారువారికి ఎనభై ఏళ్ల కిందటే తెలుసన్నమాట. ఆ తెలిసినదేదో తోట గోడ దాటి పక్క ఊళ్ల పెరళ్లలోకి నడవడానికి మాత్రం ఎవరూ దారి వేసినట్టు కనబడదు.

మన్యంలో పంటల గురించి చెప్పేవాళ్లకి కొదవేం లేదు. కాఫీకి ఒక బోర్డు ఉంది. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో దాని పరిశోధన కేంద్రం ఉంది. గింజలు కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. వరి, చోడి, రాజ్‌మా, వలిసల సంగతి చూడ్డానికి చింతపల్లిలోనే రంగా విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం. మిరియం, పసుపు, అల్లాలకి ఉద్యాన విశ్వవిద్యాలయం వారి కేంద్రం. మంచిదే, ఇవన్నీ కావాలి. కానీ ఇవన్నీ పొలానికీ తోటకీ. ఇంటి వెనక రెండు సెంట్ల జాగాలో చిక్కుడు పందిరి, నాలుగు వంగ మొక్కలు, పది మిరప మొక్కలు, గుమ్మడి పాదు, చామదుంప మడి, పసుపు దుబ్బులు రెండు, ఒక పక్కన బంతి పెంచుకునే ఇల్లాలు ఎవర్ని అడగాలి?

వ్యవసాయ శాఖని అడిగితే కూరగాయలు ఉద్యాన శాఖవి. ఉద్యాన శాఖని అడిగితే, ఎన్ని ఎకరాలు అంటారు. పోషకాహారం అన్నారంటే అది అంగన్‌వాడీ వ్యవహారం. ఊరికే అనడం లేదు, కాగితం సంగతి కూడా చూడండి. పొలానికి సర్వే నంబరుంది, అడంగల్‌లో పంట గడి ఉంది, ఇప్పుడు ఈ-క్రాప్ కూడా ఉంది. పెరడు ఉండేది గ్రామకంఠంలో. అక్కడ ఇల్లుంటుంది, పంట ఉండదని రికార్డు నమ్మకం. రికార్డులో లేని పంటకి తెగులు వచ్చినా రానట్టే. పెరటికి ఫైలు లేదు. ఫైలు లేనిదానికి అధికారి ఉండడు, అధికారి లేనిదానికి సలహా ఉండదు.

దీని వెనక ఇంకో సంగతి కూడా ఉందని నాకు అనుమానం. పెరడు ఆడవాళ్లది. దాంట్లో పండినది సంతకి వెళ్లేది కొంచెం, కుండలోకి వెళ్లేది ఎక్కువ. కుండలోకి వెళ్లినదానికి రసీదు ఉండదు కాబట్టి అది ఆదాయం కింద లెక్కకి రాదు. చోడి అంబలి పక్కన ఆ పూట ఆకుకూర ఉందా లేదా అన్నది పిల్లల ఒంట్లో రక్తం సంగతి తేలుస్తుంది గాని, పంటల నివేదికలో ఏ గడిలోనూ పడదు.

అలాగని ఎవరూ ఏమీ చెయ్యలేదనను. 2020 మే 30న రాష్ట్రంలో పది వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు తెరిచారు; ఇప్పుడు వాటి పేరు రైతు సేవా కేంద్రాలు. చదువుకున్న పిల్లలు అసిస్టెంట్లుగా వచ్చారు. మైదానంలో చదివి, మైదానపు పుస్తకంతో కొండెక్కినవాళ్లు చాలామంది. ఊళ్లో అమ్మమ్మలు ఆదివాసీ ఒడియాలోనో, కువిలోనో మాట్లాడుతుంటే వీళ్లు పోస్టరు చూపిస్తారు. వాళ్ల మనసు మంచిదే. కష్టమంతా పోస్టరుతోనే.

జీవామృతం అనే ద్రవ ఎరువు పోస్టరునే తీసుకోండి. ఎకరానికి లెక్క ఇది: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడన పెట్టి, పొద్దునా సాయంత్రం కర్రతో కలియతిప్పి, రెండు రోజులయ్యాక వాడాలి. బొమ్మలో నీలం డ్రమ్ము, డ్రమ్ము పక్కన తలపాగా చుట్టిన రైతు. రెండు సెంట్ల పెరడున్న ఆవిడ ఆ డ్రమ్ము చూసి, ఇది మనది కాదని వెళ్లిపోతుంది. రెండు కిలోల బెల్లం కొనే ఇల్లయితే ముందు టీలోకే వాడుకుంటారు.

ఎకరం అంటే వంద సెంట్లు. రెండు సెంట్లకి భాగించండి. 4 లీటర్ల నీళ్లు, 200 గ్రాముల పేడ, 200 మిల్లీలీటర్ల మూత్రం, 40 గ్రాముల బెల్లం, అంతే పిండి. వంటింటి కొలతల్లో చెప్పాలంటే ఒక కుండ, రెండు గుప్పెళ్ల పేడ, గ్లాసెడు మూత్రం, నిమ్మకాయంత బెల్లం, గుప్పెడు పిండి. ఇది ఏ శాస్త్రవేత్తా కనిపెట్టక్కర్లేదు, మూడో తరగతి భాగహారం. అయినా పోస్టరు మీద కుండ బొమ్మ ఉండదు, డ్రమ్మే ఉంటుంది. సలహా తప్పు కాదు, కొలత మనిషిది కాదు. పెరటికి సలహా చెప్పాలంటే మొదట నేర్చుకోవాల్సిన విద్య ఈ భాగహారమే.

కొలతల తర్వాత సరుకు. పురుగుకి ఏం కొట్టాలంటే వేపాకుతో చేసే నీమాస్త్రం అంటారు. వేప మైదానంలో వీధికొకటి. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, చలిలో, దాన్ని వెతుక్కోవాలి. అప్పుడేం చెయ్యాలి? పదాకుల కషాయం తయారీ వెనక ఒక సూత్రం ఉంది: పశువు మూతి పెట్టని ఆకు పురుగుకీ సయించదు. ఈ సూత్రం చెప్పి వదిలేస్తే చాలు. మేకలు కాసే పిల్లవాడు మీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఏ ఆకు మేక ముట్టదో వరసగా చూపిస్తాడు. సీతాఫలం ఉందా, వావిలి ఉందా, ఉమ్మెత్త ఉందా అని జాబితా పట్టుకుని తిరగక్కర్లేదు. జాబితా ఊరు మారితే పనికిరాదు. సూత్రానికి ఆ ఇబ్బంది లేదు. ఉమ్మెత్త విషమనీ, కషాయం కలిపిన కుండ మళ్లీ వంటకి వాడకూడదనీ, కొట్టిన ఆకుకూర వెంటనే కోసి వండకూడదనీ మాత్రం గట్టిగా చెప్పాలి. పెరడు వంటింటికి ఆనుకుని ఉంటుంది కదా.

ఇక చిక్కుడు. నాకు మన్యపు చిక్కుళ్లంటే ఇష్టం. వారపు సంతలో గోనెపట్టా మీద పోసి అమ్ముతారు: ఎరుపు, నలుపు, తెలుపు, చారలవి, పిట్టగుడ్డులా చుక్కలవి. కూర కోసం కొనేవాళ్లే ఎక్కువ. నేను గింజ కోసమూ కొంటాను, మేడ మీద కుండీల్లో వెయ్యడానికి. ఒకసారి అమ్ముతున్న ఆవిడ అడిగింది.

"ఎప్పుడు పెడతావు బాబూ?"

"వేసవి సెలవుల్లో అనుకుంటున్నానమ్మా. తీరికుంటుంది."

"పెట్టు. తీగ మేడెక్కేస్తాది. పువ్వు మాత్రం పొద్దు పొట్టయితేనే. నువ్వు ముందు పెట్టినా ఎనక పెట్టినా కాయ పండగలకే."

ఇది వ్యవసాయ కళాశాలలో ఒక పాఠం. పగటి నిడివి తగ్గితే తప్ప పూతకి రాని మొక్కలుంటాయి, పాతకాలపు తీగ చిక్కుడు వాటిలో ఒకటి. సంక్రాంతి కూరలోనూ, రథసప్తమి నాటి చిక్కుడుకాయల రథంలోనూ మనకి ఆ పాఠం ఎప్పటినుంచో ఉంది, పాఠమని తెలియదంతే. ఆవిడ ఆ పాఠాన్ని నాలుగు ముక్కల్లో చెప్పి, దాంతోపాటు ఇంకోటి కూడా చెప్పింది: పేనుబంక పడితే పొద్దున్నే మంచు తడి ఆరకముందే బూడిద చల్లమని. తడి ఉంటే బూడిద అంటుకుంటుంది. పైగా ఈ కొండల ఎర్రమట్టిలో పులుపెక్కువ. కట్టెల బూడిద ఆ పులుపుని కాస్త విరిచేసి పొటాష్ కూడా ఇస్తుంది. ఆవిడ పులుపు, పొటాష్ అన్న మాటలు వాడలేదు. నేను పుస్తకం చూసి కలుపుతున్నాను. ఎవరి వంతు వాళ్లది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. పక్కింటి సలహా సంగతీ అంతే. అదే మాట జీపు దిగినవాడి నోట వింటే రాసుకుంటాం, సంతలో వింటే కొసరు అడుగుతాం.

జీపు దిగేవాళ్లలో ఈ సంగతి పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2016లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయం కార్యక్రమానికి లోపాలెన్ని ఉన్నా, ఒక మంచి పద్ధతి ఉంది. సలహా చెప్పేవాళ్లు తామే సాగు చేస్తూ ఉండాలి. డిగ్రీ చూడరు, మడి చూస్తారు. మహిళా సంఘాల నుంచి బాగా చేసినవాళ్లని ఎంచి, తర్ఫీదిచ్చి, పక్క ఊళ్లకి పంపుతారు. వీళ్లు చెప్పేది నమ్మకపోతే వెళ్లి వాళ్ల మడి చూసుకోవచ్చు. ఈ పని చూసి 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి కూడా ఇచ్చారు, మరో ఇద్దరితో కలిపి. పెరటి మొక్కలు, ఇరవై సెంట్లలో ఎప్పుడూ ఏదో ఒకటి చేతికొచ్చేలా కలిపి వేసే కూరగాయలు వీళ్ల పాఠాల్లో ఉన్నాయి. పెరటి వైపు చూసిన సర్కారు కార్యక్రమం నాకు తెలిసినంతలో ఇదే మొదటిది అనిపిస్తుంది.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పుకోవాలి. తొలకరికి ముందు పలు రకాల గింజలు కలిపి చల్లడం వీళ్ల ముఖ్యమైన పాఠం. మన్యంలో ఈ పాఠం చెప్పడానికి వెళ్లినవాళ్లకి ఎదురుగా కూర్చున్నది ఎవరు? పోడులో చోడి, సామ, కొర్ర, కంది, చిక్కుడు, గుమ్మడి ఒకే చెక్కలో కలిపి వేసిన జనం. ఆ కలుపుసాగు వెనకబాటుతనమనీ, ఒక్క పంటే వెయ్యండనీ వాళ్లకి ఏళ్ల తరబడి చెప్పి, చెప్పి, ఇప్పుడు అదే కొత్త పేరుతో తిరిగొచ్చింది. వాళ్లు మర్యాదస్తులు, ఏమీ అనరు. నోటుపుస్తకంలో వేలిముద్ర వేసి టీ తాగి వెళ్తారు.

ఇలా ఇరుగుపొరుగుకి తర్ఫీదిచ్చి సలహాదార్లని చెయ్యడం మన ఒక్కరి ఆలోచనే కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1970ల మొదట్లో ఇదే చిక్కు వచ్చింది. విశ్వవిద్యాలయం పెట్టిన సలహా కార్యాలయాలు రైతుల కోసం. ఫోన్లు మాత్రం ఇళ్లలో టమాటాలు పెంచుకునేవాళ్ల నుంచి. డేవిడ్ గిబీ అనే ఉద్యోగి, ఆయన తోటివాళ్లు కలిసి మొక్కల పిచ్చి ఉన్న మామూలు జనానికి ఉచితంగా పాఠాలు చెప్పి, బదులుగా అన్ని గంటలు ఇరుగుపొరుగుకి సలహాలివ్వాలని షరతు పెట్టారు. 1973లో మొదలైన ఆ 'మాస్టర్ గార్డెనర్' పద్ధతి దేశమంతా పాకింది. నేర్చుకున్నదానికి ఫీజు డబ్బు కాదు, ఇంకొకరికి నేర్పడం. హైదరాబాదులో మిద్దెతోటల గురించి ఊరూరా చెప్పి, పుస్తకం రాసిన కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి చేసింది కూడా ఇలాంటిదే. ఆయన మాటకి బలం ఆయన మిద్దె. ఎక్కి చూడొచ్చు.

మన్యంలో ఉమ్మడి తోట సంగతి కొంచెం వేరు. బడి వెనకో, అంగన్‌వాడీ పక్కనో పోషణ వాటిక అని వేస్తారు. బోర్డు పెడతారు, పాలకూర జల్లుతారు, ఫొటో తీస్తారు. వేసవి సెలవులొస్తాయి. ఆశ్రమ పాఠశాల పిల్లలు ఊళ్లకి వెళ్లిపోతారు, పంతులు వెళ్లిపోతాడు, మేకలు వెళ్లవు. జూన్‌లో తలుపులు తెరిచేసరికి బోర్డు ఒక్కటే మిగులుతుంది. దీనికి మందు ఊళ్లో ఏ పెద్దాయన్నడిగినా చెబుతాడు: ముందు కంచె, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే గింజ. వెదురు తడకలు ఎవరు అల్లాలి, ఎవరి మేక పడితే ఎవరు తప్పు కట్టాలి అన్నది ఊరిపెద్ద అయిన నాయుడు దగ్గర తేల్చుకోవాలి. కొండ ఊట నుంచి పైపుల్లో దిగే కుళాయి ఉంటే, దాని అరుగు మీంచి పారే నీళ్లని చిన్న కాలవ తీసి తోటలోకి మళ్లించాలి. పాలకూర కంటే ముందు సెలవుల్లో ఎవరూ చూడకపోయినా బతికేవి పెట్టాలి: అరటి, బొప్పాయి, కరివేపాకు, కంద, చామ. దుంపలు మట్టిలో పడుకుని వాన కోసం చూస్తాయి. తోటపని అంటే గింజతోనే మొదలనుకునే సలహాలన్నీ ఇక్కడే దెబ్బతింటాయి.

గింజ మాట వచ్చింది కాబట్టి. పెరటి కిట్లని పంచే రంగు పొట్లాల్లో హైబ్రిడ్లుంటే, కాపు బాగానే ఉంటుంది. ఆ కాయల్లోంచి గింజ తీసి దాస్తే మరుసటేడు మొదటి గుణం రాదు. మన్యంలో పొయ్యి మీది అటకలో, పొగ తగిలేచోట గింజ దాచుకునే అలవాటుంది. చైత్రంలో ఇటుకల పండగకి గింజని దేవత ముందు పెట్టాకే దుక్కి. ఏటా పొట్లం వస్తుందిలే అనుకుంటే ఆ అటక ఖాళీ అవుతుంది, ఒక ఏడాది పొట్లం రాకపోతే పెరడూ ఖాళీ. అందుకే డుంబ్రిగుడ మండలం కిల్లోగుడలో సంజీవని సంస్థ పాత విత్తనాల పండగ చేస్తుంటే నాకు అది ఏ శిక్షణ శిబిరం కంటే పెద్ద బడిగా కనిపిస్తుంది. ఒక ఊరావిడ తెచ్చిన గింజ ఇంకో ఊరావిడ కొంగులో పడుతుంది, ఎలా వెయ్యాలో నోటి మాటతో సహా. సరిహద్దు అవతల కోరాపుట్ జిల్లా సాంప్రదాయ సాగుని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యమున్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడి కమలా పూజారి పాత వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. కొండలు అవే, వానలు అవే. అటు వారసత్వం అన్నది ఇటు రికార్డులో గ్రామకంఠం.

ఇంత చెప్పి, అమ్మమ్మలే చాలు, చింతపల్లి శాస్త్రవేత్తలు అక్కర్లేదంటే అది అబద్ధం. 2025లో అరకు ప్రాంతపు కాఫీ తోటల్లో కాయతొలుచు పురుగు కనబడింది. ఇక్కడ అంతకుముందు లేని పురుగు. ఏ అమ్మమ్మ జ్ఞాపకంలోనూ దానికి మందు ఉండదు. అప్పుడు ప్రయోగశాల కావాలి, పట్టి గుర్తుపట్టే కళ్లు కావాలి, గట్టిగా తోట మూయించే అధికారం కావాలి. పెరట్లోనూ ఇంతే. ఆకు ముడత వైరస్ వచ్చిన మిరపకి బూడిద చల్లితే తగ్గదు, మొక్క పీకెయ్యమని ఎవరో ఒకరు నిక్కచ్చిగా చెప్పాలి. మట్టిలో పులుపు ఎంతుందో నాలుకతో తేలదు. అనుభవం పాత జబ్బులకి, శాస్త్రం కొత్త జబ్బులకి. తీరా చూస్తే పాత జబ్బు కోసం పెరట్లో మనిషి ఘాట్ రోడ్డెక్కి చింతపల్లి వెళ్లాలి, కొత్త జబ్బు వచ్చినప్పుడేమో పక్కింటివాళ్లనడిగి ఊరుకుంటుంది. మార్చాల్సింది ఈ వరసని.

ఖర్చు లేని పని ఒకటుంది. ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద, ఆ పంచాయతీలో ఎవరి పెరడు బాగుందో పది పేర్లు, వాళ్లు ఒప్పుకుంటేనే, రాసి పెట్టొచ్చు. ఫలానా ఆవిడ దగ్గర చిక్కుడు, ఫలానా ఆయన దగ్గర చామ, ఫలానా ఇంట్లో పసుపు విత్తనం. అసిస్టెంటు కొత్తగా వచ్చిన రోజునే ఆ పది ఇళ్లకీ వెళ్లి టీ తాగి రావాలి. వాళ్లకి తెలియనిది చింతపల్లికి చేరవెయ్యడం అతని ఉద్యోగం.

మీరు విశాఖలో ఉన్నా, విజయనగరంలో ఉన్నా, మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్నా, ముందు మీ వీధిలో ఎవరి పందిరి బాగా కాసిందో చూసి వాళ్ల తలుపు తట్టండి. అరకు సంతకి వెళ్తే చిక్కుళ్లు బేరమాడకుండా కొని, ఎప్పుడు పెట్టాలో అడగండి. వాళ్లకీ తెలియకపోతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది, 1800-180-1551. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులోనే మాట్లాడతారు, ఫోనుకి డబ్బులు పడవు.